ముప్ఫై తొమ్మిదిన్నర అడుగులు

2006 జనవరి పదో తేదీ మంగళవారం మధ్యాహ్నం పన్నెండు గంటల ఇరవై మూడున్నర నిమిషాలకు, పంజగుట్టలోని మా ఇల్లు జీడిమెట్లలో ఉన్నట్టు తేలింది. లెక్కను నేనే రెండుసార్లు సరిచూశాను. కూడికల్లో తప్పు లేదు, తీసివేతల్లోనూ లేదు. అయినా ఇల్లు ఉన్నచోటు నుంచి నేరుగా ఉత్తరానికి పదకొండు కిలోమీటర్లు జరిగిపోయింది.

సర్వే ఆఫీసులో లెక్కల విభాగంలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరైనదాన్ని. కొలిచేవాళ్ళు ఎండలో కొలుచుకుని వచ్చేవారు, మేము లాగరిథం పట్టికలు ముందేసుకుని ఆ అంకెలను పటానికి ఎక్కించేవాళ్ళం. అంకె తప్పితే ఎక్కడ తప్పిందో పట్టుకోవడమే నా ఉద్యోగం. అందుకని ఆ రోజు నాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు.

మా భవనానికి కింది అంతస్తు మీద మరో మూడు అంతస్తులు. నేను రెండో అంతస్తులో ఉండేదాన్ని. కింద ఒక కుటుంబం ఉండేది. ఆయన సిటీ బస్సులకు కంట్రోలర్. పంజగుట్ట స్టాపులో చిన్న రేకుల గదిలో కూర్చుని ఏ బస్సు ఎన్నింటికి వచ్చిందో, ఎన్నింటికి పోయిందో షీటులో రాయడం ఆయన పని. భార్య ఆస్పత్రిలో ఆయా. ఒక్కతే కూతురు, ఇరవై నాలుగేళ్ళు. ఆ అమ్మాయి ఓడల్లో పద్దెనిమిది నెలలు కాడెట్‌గా పనిచేసి వచ్చింది. ఇక ఆఫీసరు కావాలంటే చెన్నైలో పరీక్ష నెగ్గాలి. రాత పరీక్ష నెగ్గింది. అక్టోబరులో నోటి పరీక్ష తప్పింది.

అప్పటికి మా వీధిలో ఎవరి పిల్లలను చూసినా చంకలో స్పైరల్ పుస్తకం పెట్టుకుని కంప్యూటర్ కోర్సులకని అమీర్‌పేట వైపు నడుస్తున్నవాళ్ళే. కంట్రోలర్ గారు కూడా కూతురికి అక్కడ ఒక ఇన్‌స్టిట్యూట్‌లో జావా కోర్సుకు సీటు రాయించేశారు. బ్యాచ్ ఫిబ్రవరి పదమూడున మొదలు. అందులో చేరితే ఫిబ్రవరి చివర్లో రెండోసారి వెళ్ళాల్సిన నోటి పరీక్ష పోయినట్టే.

నాకు ఈ సంగతంతా తెలిసింది ఆముదం వల్ల. డిసెంబరులో ఒక మధ్యాహ్నం ఎండుమిరపకాయలు తిరగేద్దామని డాబా మీదికి వెళ్ళాను. ఆ అమ్మాయి స్టూలు మీద కూర్చుంది. ఎదురుగా నేల మీద వెడల్పాటి స్టీలు పళ్ళెం, అందులో ఆముదం. కంటికి ఏదో ఇత్తడి పనిముట్టు ఆనించుకుని పళ్ళెంలోకి చూస్తోంది.

"డాబా మీద నూనె ఒలికితే ఎవరు తుడుస్తారు?" అన్నాను.

"ఒలకది ఆంటీ. ఒలికితే నా హొరైజన్ పోతది, నాకే నష్టం."

ఆ ఒక్క మాటతో నేను మిరపకాయల సంగతి మరిచిపోయాను.

ఆ పనిముట్టు పేరు సెక్స్‌టెంట్. రెండు వస్తువుల మధ్య కోణం కొలుస్తుంది. సముద్రం మీద అయితే హొరైజన్, అంటే ఆకాశం నీటిని తాకే గీత, కనిపిస్తుంది. ఆ గీత నుంచి సూర్యుడు ఎంత ఎత్తున ఉన్నాడో కొలుస్తారు. సూర్యుడు ఆ రోజుకి అన్నిటికంటే ఎత్తుకు చేరిన క్షణాన కొలిచి, పంచాంగం లాంటి నావికుల పుస్తకంలో ఆ రోజు అంకె చూసుకుని కలిపి తీసివేస్తే, భూమధ్యరేఖకు ఎంత ఉత్తరాన ఉన్నామో తెలుస్తుంది. పంజగుట్టలో సముద్రం గీత ఎక్కడ దొరుకుతుంది? ఎటు చూసినా నీళ్ళ ట్యాంకులు, కోచింగ్ బోర్డులు. అందుకని పళ్ళెంలో నూనె. కదలకుండా ఉన్న నూనె పైభాగం అచ్చంగా సమతలం. సూర్యుడు పైన ఎంత ఎత్తున ఉంటే నూనెలో నీడ అంత లోతున కనిపిస్తుంది. ఆ రెండింటి మధ్య కోణం కొలిచి సగం చేస్తే చాలు.

"ఓడలో ఇప్పుడు దీనికి యంత్రాలు ఉండవా?" అని అడిగాను.

"డబ్బా ఉంటది ఆంటీ. బటన్ నొక్కితే ఏడున్నమో చెప్తది. గా డబ్బా ఖరాబైతే ఏం చేస్తవని పరీక్షల అడుగుతరు."

"అక్టోబరులో ఏమడిగారు?"

అమ్మాయి పనిముట్టు కింద పెట్టింది. "లెక్క చెప్పమన్నరు, చెప్పిన. గీ అంకె ఎందుకు తీసేసినవని అడిగిండ్రు. ఫారంల ఉంది సార్ అన్న. ఫారం లేకుంటే ఏం చేస్తవ్ అన్నరు. గంతే."

ఆ ఫారం చూపించింది. అచ్చు వేసిన కాగితం, వరుసగా గళ్ళు. మొదటి వరుసలో పనిముట్టు చూపిన కోణం, రెండో వరుసలో పనిముట్టు దోషం, మూడో వరుసలో చూసేవారి కన్ను ఎత్తు వల్ల తీసివేయాల్సింది, నాలుగో వరుసలో సూర్యబింబంలో సగానికీ, గాలిలో వెలుతురు వంగడానికీ కలపాల్సింది. కన్ను ఎత్తు గడి ఖాళీగా ఉంది.

"బిల్డింగు ఎత్తు తెల్వదు ఆంటీ. అందాదగ రాస్త."

ఉజ్జాయింపు అనే మాట నాకు సరిపడదు. మర్నాడు పొద్దున్నే కొబ్బరి తాడు చివర తాళంకప్ప కట్టి పిట్టగోడ మీంచి కిందికి వదిలాను. కప్ప నేలను తాకగానే ముడి వేసి, తాడును గదిలో పరిచి టేపుతో కొలిచాను. డాబా ఎత్తు ముప్ఫై ఐదు అడుగులు. డాబా మీద స్టూలు వేసుకుని కూర్చున్న మనిషి కన్ను మరో నాలుగున్నర. మొత్తం ముప్ఫై తొమ్మిదిన్నర అడుగులు. పట్టిక చూస్తే దానికి తీసివేయాల్సింది ఆరు నిమిషాలు పైన కొద్దిగా. ఇక్కడ నిమిషమంటే గడియారం నిమిషం కాదు, డిగ్రీలో అరవయ్యో వంతు. ఆ అంకె రాసి ఇచ్చినప్పుడు నాకు కలిగిన తృప్తి ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

పందెం వేసింది కంట్రోలర్ గారే. జనవరి పదిన ఆయనకు వారపు సెలవు. డాబా ఎక్కి వచ్చి పళ్ళెం చుట్టూ ఒకసారి తిరిగారు.

"ఏడున్నమో తెల్సుకునేటందుకు గింత తిప్పలెందుకు బిడ్డా? పంజగుట్ట చౌరస్తాల ఎవ్వల్నడిగినా చెప్తరు."

"సముద్రంల చౌరస్తా ఉండది డాడీ."

"సరే. మన ఇల్లు ఏడుందో గా ఎండను చూసి చెప్పు. కరెక్టుగ చెప్తే పరీక్షకు పో. లేకుంటే పదమూడు తారీఖు జావాకు పో. అమ్మ సాచ్చెం." అమ్మ అంటే నేను.

టైం చెప్పే పని ఆయనకే ఇచ్చాము. ప్రతి ఉదయం రేడియోలో టైం చెప్పే బీప్‌లతో చేతి గడియారం సరిచేసుకునే మనిషి ఆయన. నాకు ముందే ఒక సందేహం ఉండేది. పన్నెండింటికి కదా నడినెత్తి పొద్దు, ఈ ఇరవై మూడు నిమిషాలు ఏమిటని. లెక్క వేస్తే తెలిసింది. మన గడియారాలు నడిచేది మా కాకినాడ పక్కగా పోయే రేఖ ప్రకారం. హైదరాబాదు దానికి నాలుగు డిగ్రీలు పడమరన ఉంది కాబట్టి సూర్యుడు ఇక్కడికి రావడానికి మరో పదహారు నిమిషాలు పడుతుంది. పైగా సూర్యుడు కూడా గడియారంలా నడవడు. జనవరి పదిన ఏడు నిమిషాలకు పైగా ఆలస్యం. ఇన్నేళ్ళు హైదరాబాదులో పన్నెండు కొట్టగానే మధ్యాహ్నమైందనుకుని కంచం పెట్టుకున్నాను.

మధ్యాహ్నానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, సూర్యుడు సరిగ్గా ఒకే ఎత్తున ఉన్న రెండు క్షణాలకు ఆయన టైం చెప్పారు. ఆ రెండింటి నడుమ క్షణమే నడినెత్తి పొద్దు. దాన్నిబట్టి తూర్పు పడమరల లెక్క డెబ్భై ఎనిమిది డిగ్రీల ఇరవై ఏడు నిమిషాలని వచ్చింది. నా దగ్గరున్న పటంలోనూ అంతే ఉంది. ఆయన మీసం దువ్వుకున్నారు.

ఇక ఉత్తర దక్షిణాల లెక్క. పటం ప్రకారం పదిహేడు డిగ్రీల ఇరవై ఆరు నిమిషాలు రావాలి. పదిహేడు డిగ్రీల ముప్ఫై రెండు వచ్చింది. పటం పరిచి వేలు పెట్టాను. జీడిమెట్ల.

"టైం నాది," అన్నారాయన. "గది కరెక్టుగ ఉంది. ఎండ నీది. సీదా జీడిమెట్లకు తోల్కపోయినవ్. బస్సెక్కకుంట, టికెట్ లేకుంట."

నవ్వుతూనే అన్నారు. కానీ మెట్లు దిగుతూ నా వైపు తిరిగి మెల్లగా, "సముద్రంల పదకొండు కిలోమీటర్లు తప్పితే ఓడ రాళ్ళ మీదికి పోతదమ్మా. నా బిడ్డ అండ్ల ఉంటది," అన్నారు. ఆ అమ్మాయి పళ్ళెంలోని ఆముదాన్ని సీసాలోకి వంపుతోంది.

రాత్రి ఆ ఫారాన్ని నా నోటుబుక్కులోకి దించుకున్నాను. నూరు డిగ్రీల నలభై ఒకటి. సగం, యాభై డిగ్రీల ఇరవైన్నర. ఎత్తుకు ఆరు తీసివేత. బింబానికి పదిహేనున్నర కూడిక. తొంభైలోంచి తీసి, పుస్తకం ఇచ్చిన ఇరవై ఒక్క డిగ్రీల యాభై ఎనిమిది తీశాను. మళ్ళీ జీడిమెట్లే.

మర్నాడు బుధవారం. డాబా నిండా గాలిపటాల పిల్లలు. పళ్ళెం పెట్టడానికి చోటు లేదు. "కింద వాకిట్లో పెట్టు," అన్నాను. వాకిట్లో ఎండ బాగానే పడుతుంది, గాలి తక్కువ. అక్కడే స్టూలు వేసుకుని కొలిచింది. ఫారం నింపేటప్పుడు, డాబా మీద కాదు కాబట్టి కన్ను ఎత్తు నాలుగున్నర అడుగులే అని గుర్తు చేశాను. దానికి తీసివేత రెండు నిమిషాలే. జవాబు పదిహేడు డిగ్రీల ఇరవై ఎనిమిది.

నాలుగంతస్తుల మెట్లు దిగినందుకు ఏడు కిలోమీటర్లకు పైగా దక్షిణానికి వచ్చేశాం.

"ఇంక పండుకుంటే ఇంటికొస్తమా ఆంటీ?" అంది.

ఎగతాళికే అంది. కానీ నేను నవ్వలేకపోయాను. నిజమే, పడుకుంటే కన్ను ఎత్తు సున్న. సున్న తీసేస్తే పదిహేడు డిగ్రీల ఇరవై ఆరు. అచ్చంగా మా ఇల్లు.

"మూడో వరుస ఎందుకు తీసేస్తారు?" అని అడిగాను.

"ఎప్పుడూ తీసేస్తరు ఆంటీ. ఓడల గా వరుస లేకుంట ఒక్కనాడు చెయ్యలే."

"ఎందుకు?"

ఈసారి ఫారంలో ఉందని అనలేదు. పనిముట్టు ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత తనకు తానే చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టింది. ఓడ మీద ఎత్తుగా నిలబడితే సముద్రం గీత కిందికి దిగినట్టు కనిపిస్తుంది. ఎంత ఎత్తుకు ఎక్కితే అంత కిందికి. ఆ గీత నుంచి కొలిస్తే సూర్యుడు ఉన్నదానికంటే ఎక్కువ ఎత్తున కనిపిస్తాడు. ఆ ఎక్కువను తీసేయడానికే మూడో వరుస. అక్కడిదాకా చెప్పి ఆగింది. పళ్ళెం వైపు చూసింది.

"ఈడ సముద్రం గీత ఏది ఆంటీ? నూనె ఏడ పెట్టినా సమానమే ఉంటది. డాబా మీదనన్నా, వాకిట్లనన్నా. తీసేయనీకి ఏం లేదు."

అంతే. లేని సముద్రానికి ఎత్తు లెక్క కట్టి తీసేశాం. తప్పు ఆమెదే అనడానికి వీల్లేదు. ఆమె గడి ఖాళీగా ఉంచి అనుమానిస్తున్నప్పుడు, తాడుకు తాళంకప్ప కట్టి అర అడుగుతో సహా కొలిచి ఆ గడి నింపింది నేను. ఎత్తు ఎందుకు కావాలని ఒక్కమాట అడగలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు గడి కనిపిస్తే అంకె రాసిన చెయ్యి.

ఇప్పుడు కంట్రోలర్ గారికి మళ్ళీ చూపించాలి. ఆయన రాలేనన్నారు. తోటి కంట్రోలరు జబ్బు పడడంతో వారపు సెలవులు లేవు. భోజనం వేళ పన్నెండుంబావుకు. స్టాపు నుంచి మా ఇంటికి నడక పది నిమిషాలు. ఇల్లు చేరేసరికి పన్నెండూ ఇరవై ఐదు. సూర్యుడు పన్నెండూ ఇరవై నాలుగుకే దాటిపోతాడు. ఒక్క నిమిషం తేడా.

నేను నావికుల పుస్తకం తిరగేశాను. రోజులు గడిచేకొద్దీ సూర్యుడి ఆలస్యం పెరుగుతోంది. ఫిబ్రవరి తొమ్మిదికి పద్నాలుగు నిమిషాలు, ఏడాదిలో అంతకు మించి పెరగదు. అంటే నడినెత్తి పొద్దు పన్నెండున్నరకు. ఆయన వచ్చి ఐదు నిమిషాలు కూర్చోవచ్చు కూడా. అయితే ఇంకో చిక్కు. ఎండాకాలం వైపు జరిగేకొద్దీ సూర్యుడు పైకి ఎక్కుతాడు, నూనెలో కొలిచేది అతని ఎత్తుకు రెట్టింపు. పనిముట్టు మీద గీతలు నూట ఇరవై డిగ్రీలతో అయిపోతాయి. ఫిబ్రవరి పదహారు దాటితే సూర్యుడు పనిముట్టులో పట్టడు. పదమూడున జావా బ్యాచ్. మధ్యలో మిగిలినవి నాలుగు రోజులు.

ఫిబ్రవరి ఎనిమిదిన నేనే స్టాపుకు వెళ్ళాను. రేకుల గదిలో ఆయన తల వంచుకుని షీటు రాస్తున్నారు. బయట బస్సుల పొగ. ఎక్కడ తప్పిందో చెప్పాను. మూడో వరుస సంగతి, నా తాళంకప్ప సంగతి, మెట్లు దిగితే ఇల్లు దగ్గరైన సంగతి. రాయడం ఆపి విన్నారు. తర్వాత షీటు నా వైపు తిప్పారు.

"గీ గడి చూడుండ్రమ్మా. లేటుకు కారణం. ఇరవై ఏండ్ల సంది నేను గీ గడిల ట్రాఫిక్ అనే రాస్తున్న. మొన్న బంద్ దినం. రోడ్డు మీద కుక్క సుత లేదు. ఒక్క బస్సొచ్చింది, టైంకే వచ్చింది. నా చెయ్యి ట్రాఫిక్ అని రాసేసింది."

"మరి?"

"రేపొస్త. కానీ ఆముదం వద్దు. అండ్ల పళ్ళెం అడుగు సుత మెరుస్తది."

మర్నాడు పన్నెండూ ఇరవై ఐదుకు ఒక చేతిలో టిఫిన్ డబ్బా, మరో చేతిలో సీసాతో డాబా ఎక్కారు. సీసాలో బస్సు ఇంజన్లోంచి తీసిన వాడిన ఆయిలు. పళ్ళెంలో పోస్తే నల్లగా, చిక్కగా నిలిచింది. అందులో సూర్యుడి అంచు కత్తితో కోసినట్టుంది. ఆమె కొలిచింది. మూడో వరుసలో అంకె వేయకుండా అడ్డంగా గీత గీసింది. పదిహేడు డిగ్రీల ఇరవై ఏడు. ఒక్క నిమిషం తేడా, రెండు కిలోమీటర్ల లోపు.

"అమీర్‌పేట దాటి బోరబండ దిక్కు జరిగినట్టుంది," అన్నారాయన పటం చూసి. "అయినా ఒక్కసారి టైంకొస్తే గది టైంకొచ్చే బస్సు అనరు. రేపు సుత చూస్త."

పదో తేదీన ఇరవై ఐదు వచ్చింది. పదకొండో తేదీన ఇరవై ఆరు. మూడింటి సగటు నేను కట్టాల్సిన పని లేకపోయింది, ఆయనే వేళ్ళ మీద కట్టారు. ఆ తర్వాత టిఫిన్ డబ్బా విప్పి, పిట్టగోడ నీడలో కూర్చుని, అన్నం కలుపుతూ కూతుర్ని అడిగారు:

"ఓడల ఫారం ఇస్తే మూడో గడి నింపుతవా, వదిలేస్తవా?"

"సముద్రం గీత చూసి కొలిస్తే నింపుత డాడీ. నూనెల చూస్తే వదిలేస్త."

"మబ్బు పట్టి గీత కనవడకుంటే?"

"కొలవ. కనవడలేదని రాస్త."

ఆయన రెండు ముద్దలు తిన్నాక, "చెన్నై బండి ఎన్నింటికి?" అన్నారు.

పరీక్ష ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిన. నెగ్గింది. సూర్యుడి గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదట. ప్రాణరక్షణ పడవను దింపే తాళ్ళ గురించి గంటసేపు అడిగారట. నాకు కొంచెం కోపం వచ్చింది. ఆమెకు రాలేదు.

కానీ అంతకు ముందే ఫిబ్రవరి పదమూడు వచ్చింది కదా. ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు కట్టిన ఫీజు వాపసు ఇవ్వలేమన్నారు, పేరు మాత్రం మార్చుకోవచ్చన్నారు. కంట్రోలర్ గారు యాభై రెండేళ్ళ వయసులో తన పేరు రాయించుకున్నారు. డ్యూటీ దిగి సాయంత్రం బ్యాచ్‌కు వెళ్ళేవారు. వెనక బెంచీలో ఖాకీ చొక్కాతో కూర్చుంటే మొదటి రోజు పిల్లలు చెకింగ్‌కు వచ్చారనుకున్నారట.

మార్చి మొదటి వారంలో ఒక సాయంత్రం స్పైరల్ పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. ఒక పేజీ తెరిచి మొదటి వరుస మీద వేలు పెట్టారు.

"అమ్మా, గీ లైన్ ప్రతి ప్రోగ్రాముల రాయాలంటుండు సార్. ఎందుకు సార్ అంటే రాయాలె గంతే అంటుండు. జర మీరు చూస్తరా?"

జావా నాకు రాదు. కళ్ళద్దాలు తెచ్చుకున్నాను.